దీపం కింది గాజు

ఉదయం ఏడు గంటలకు ఎర్విన్ స్కిబా అన్నిటికంటే ముందు చేసే పని గాజు తుడవడం. కాఫీ, పత్రిక ఆ తర్వాతే. మెత్తటి తోలుగుడ్డను గోరువెచ్చని నీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, కిటికీ పక్కనున్న పెద్ద చెక్కపెట్టె మూత ఎత్తి, దీపం కింద అమర్చిన గాజుపలకను ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు ఒకసారి తుడిచేవాడు. ఆరిన తర్వాత వంగి, వేలిముద్ర ఏదైనా మిగిలిందేమో చూసేవాడు. ఎప్పుడూ మిగిలేది కాదు. అప్పుడు మూత దించి మీటలు నొక్కేవాడు. ముందు వేడి దీపం, పది నిమిషాల తర్వాత పొడవాటి తెల్లని యూవీ దీపం. గళ్ళ నోటుపుస్తకంలో తేదీ, వేళ, రాతి మీద వేడి ఎంతుందో రాసుకునేవాడు.

పెట్టెలో చదునైన రాతి మీద మేస్త్రి ఒక కన్ను తెరిచేవాడు.

మేస్త్రి మనిషి కాదు, మూరెడు పొడవున్న గడ్డపు బల్లి. మెడ కింద ముళ్ళ గడ్డం, ఒంటినిండా ఇసుక రంగు గరుకు పొలుసులు. జాతి ఆస్ట్రేలియా ఎడారిది, పెరిగింది మాత్రం జర్మనీలోని రూర్ బొగ్గుసీమలో, ఒక గని కార్మికుడి వంటింటి పక్క గదిలో. ఆ కార్మికుడు బ్రూనో వెన్‌జెల్. వీధి వీధంతా పావురాలు పెంచుకుంటుంటే బ్రూనో తొమ్మిదేళ్ళ కిందట ఈ బల్లిపిల్లను తెచ్చుకున్నాడు. ఎవరు పేరడిగినా ఒకటే జవాబు చెప్పేవాడు. "పొద్దుగాల్నుంచి ఎత్తు మీద కూసుంటడు. కింద పనిజేసేటోళ్ళను జూస్తడు. వేలు గూడ కదపడు. మేస్త్రి గాకుంటే ఇంకేం పేరు పెడతం?"

కిందటి అక్టోబరులో బ్రూనో వృద్ధాశ్రమానికి మారాడు. ముప్ఫై ఏళ్ళు పీల్చిన బొగ్గుదుమ్ము అతని ఊపిరితిత్తులలో రాయిలా గడ్డకట్టింది. ఇంట్లో మెట్లు ఎక్కడం ఆగిపోయింది, తర్వాత గది దాటడం ఆగిపోయింది. ఆశ్రమంలోకి జంతువులను రానివ్వరు. సామాను సర్దిన రోజు ఎర్విన్ అతని వంటింట్లో, ఖాళీ అల్మరాల మధ్య కూర్చున్నాడు.

"నాకు జంతువుల సంగతి ఏం తెల్వదురా," అన్నాడు ఎర్విన్.

"జంతువుల సంగతి నిన్నెవడడిగిండు?" బ్రూనో రెండు మాటలకొకసారి ఆగి, ముక్కుకు పెట్టిన సన్నటి గొట్టంలోంచి గాలి పీల్చుకుంటున్నాడు. "దీపాల సంగతి తెలుసు గదా? వీని బతుకంత దీపాల కిందనే. కడుపుల తిండి అరగాల్నంటే వేడి దీపం గావాలె. ఎముకలు గట్టిగుండాల్నంటే యూవీ దీపం గావాలె. తిండి ఆలస్యమైతే ఓర్సుకుంటడు. దీపం లేకపోతే ఓర్సుకోడు."

"అదే అంటున్న. నేను..."

"ఇరవై నాలుగేండ్లు దీపాల గది కిటికీల కెల్లి నాకు దీపమిచ్చినవ్. ఒక్కనాడన్న బొగ్గుబాయిల ఆరిపోయిందా? పోలే. గంతే, వీనికి గూడ ఇయ్యి. పాత లైట్లు మాత్రం పారెయ్, ఏడాది దాటింది. కొత్తయి కొను. ఆదివారం ఆదివారం వచ్చి ఎట్లున్నడో నాకు జెప్పు."

ఎర్విన్ సరేనన్నాడు. అతని ముఖంలో ఏమీ కనిపించలేదు. బ్రూనో అలాంటిది ఆశించలేదు కూడా. అతనికి ఎర్విన్ నలభై అయిదేళ్ళుగా తెలుసు.

పద్నాలుగో ఏట గనిలో చేరిన ఎర్విన్‌ మీద ఇరవై మూడో ఏట పైకప్పు కూలింది. రాళ్ళ కిందనుంచి అతన్ని లాగి బయటపడేసింది బ్రూనోయే. ఎడమ మోకాలు మళ్ళీ వంగలేదు. కింద పనికి పనికిరాని వాళ్ళకు గని యాజమాన్యం పైన ఏదో ఒక పని చూపించేది. అతనికి మొదట స్నానాల గది పక్కనున్న ఎండదీపాల గదిలో పని దొరికింది. చలికాలమంతా సూర్యుడి మొహం చూడని మనుషులు షిఫ్టు ముగిశాక ఒంటిమీద నూలుపోగు లేకుండా, కళ్ళకు నల్లటి అద్దాలు పెట్టుకుని, పెద్ద దీపం చుట్టూ పది నిమిషాలు నిలబడే గది అది. రెండేళ్ళు ఎర్విన్ వాళ్ళకు అద్దాలు పంచాడు, గడియారం చూశాడు, మీట ఆపాడు. ఆ తర్వాత గని మూతపడేదాకా తలదీపాల గదిలో పనిచేశాడు.

తలదీపాల గదిలో ప్రతి దీపానికీ ఒక నంబరు, ప్రతి నంబరుకూ గోడ మీద ఒక కొక్కెం ఉండేవి. దిగేవాడు కిటికీ దగ్గర ఇత్తడి బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు, ఎక్కివచ్చినవాడు దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. కొక్కేనికి దీపం లేదంటే మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడు. ఒకరోజు ఉదయం షిఫ్టు ముగిశాక నాలుగువందల పన్నెండు, నాలుగువందల పదమూడు నంబర్ల కొక్కేలు ఖాళీగా ఉండిపోయాయి. మధ్యాహ్నం ఒక స్త్రీ కిటికీ దగ్గరికొచ్చి, తన భర్త ఏడని అడిగింది. నియమం ప్రకారం చెప్పవలసిన మాటే ఎర్విన్ చెప్పాడు: "దీపం తిరిగి రాలేదమ్మా." ఆమె వెనక వరుసలో నిలుచున్న రెండో షిఫ్టు వాళ్ళకు ఒక్కొక్కరికీ దీపాలిచ్చాడు. నెల తిరిగాక ఆ రెండు కొక్కేలకు కొత్తవాళ్ళ దీపాలు తగిలించాడు. దుఃఖం ఎప్పుడొస్తుందా అని కొన్నాళ్ళు ఎదురుచూశాడు. రాలేదు. ఆ తర్వాత ఇతర విషయాలకు కూడా ఏ భావమూ రాకుండా పోయింది. అమ్మ పోయిన రోజున అతను గిన్నెలు కడిగి, ఆరబెట్టి, వాటి వాటి స్థానాల్లో సర్దాడు. జనం అతన్ని నిదానస్థుడని మెచ్చుకునేవారు.

మేస్త్రి ఇంటికొచ్చిన మర్నాడే ఎర్విన్ బస్సెక్కి బల్లులు, పాముల సామాను అమ్మే దుకాణానికి వెళ్ళాడు. కౌంటరు దగ్గరున్న స్వెన్యా అనే అమ్మాయి ముంజేతి మీద ఊసరవెల్లి పచ్చబొట్టు ఉంది. ఆమె విసుగు లేకుండా చెప్పింది, అతను నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

"రెండూ ఒకే బల్బులో వచ్చేవి కూడా ఉన్నాయి, స్కిబా గారూ. కానీ మీకు నేను విడివిడిగానే తీసుకోమంటాను. ఒకటి పాడైతే రెండోది మిగులుతుంది, దేని ఎత్తు దానికి సరిచేసుకోవచ్చు. వేడికి ఈ మామూలు హాలోజన్ చాలు. దాని కింద రాయి నలభై డిగ్రీలు ఉండాలి, పెట్టె రెండో చివర ఇరవై అయిదు దాటకూడదు. ఎండలో కూర్చోవాలో నీడలోకి పోవాలో దానికే వదిలెయ్యండి."

"నీడ గూడ కొలవాల్నా?"

"ముందు నీడే కొలవండి. అందరూ వేడి కొలిచి ఊరుకుంటారు. ఇక యూవీ ట్యూబు పెట్టెలో సగం పొడవుంటే చాలు, కానీ వేడి దీపం పక్కనే ఉండాలి. ఎండంటే వేడి, యూవీ కలిసే వస్తాయి కదా. వీపుకీ ట్యూబుకీ మధ్య జానెడున్నర దూరం ఉంచండి. కొన్న తేదీ దాని మీదే రాసి, ఏడాదికి మార్చెయ్యండి. వెలుగుతోంది కదా అని ఉంచుకోవద్దు. కంటికి వెలుగు కనిపిస్తూనే ఉంటుంది, యూవీ మాత్రం అయిపోతుంది."

"రాత్రికి?"

"రాత్రికి ఏ దీపమూ వద్దు. ఎర్ర లైటు అమ్మేవాళ్ళున్నారు, కొనకండి. చీకటి దానికి అవసరమే."

గాజు గురించి ఆమె ఏమీ చెప్పలేదు. ఎవరూ చేయని పనిని చేయవద్దని ఎవరు చెబుతారు?

ఇంటికొచ్చి ట్యూబు బిగించాక ఎర్విన్ రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. దీపం బట్టలు విప్పుకుని నిలబడ్డట్టు కనిపించింది. గనిలో మండే గాలి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని గాజు లేని దీపం భూమి కిందికి దిగకూడదు. గాజు పగిలినా, బీటవారినా, మసకబారినా ఆ దీపం కిటికీ దాటకూడదు. ఇరవై నాలుగేళ్ళు అతను ప్రతి దీపం గాజునూ వెలుతురుకు ఎత్తిపట్టి చూసి మరీ ఇచ్చినవాడు. బల్లి గదిలో మండే గాలి లేదని అతనికి తెలుసు. అయినా మర్నాడు అద్దాలు కోసే దుకాణానికి వెళ్ళి, నాలుగు మిల్లీమీటర్ల మందం గల పలకను కొలత ప్రకారం కోయించి, అంచులు నునుపు చేయించి, నాలుగు మరలతో ట్యూబు కింద బిగించాడు. పని శుభ్రంగా కుదిరింది. ఆ ఏడాది అతను సంతృప్తికి దగ్గరగా వచ్చింది ఆ ఒక్క పూటే.

చలికాలం సాఫీగా నడిచింది. ఆదివారం మూడు గంటలకు ఎర్విన్ ఆశ్రమానికి వెళ్ళేవాడు. ఆలుబుఖారా కేకు రెండు ముక్కలు, కాఫీ. బ్రూనో తన కేకు సగం తిని పళ్ళెం పక్కకు నెట్టేవాడు.

"గ్లూకౌఫ్," అనేవాడు ఎర్విన్ గుమ్మంలోంచే. క్షేమంగా పైకి రమ్మని గనివాళ్ళు ఒకరికొకరు చెప్పుకునే మాట అది.

"ఇంకేడ పైకి, రెండో అంతస్తులనే ఉన్న. చెప్పు, మేస్త్రి ఎట్లున్నడు? రాయి?"

"నలభై."

"సల్లమూల?"

"ఇరవై నాలుగున్నర."

"ఏం తిన్నడు?"

"కీచురాళ్ళు పదకొండు. పసుపుపూల మొక్క ఆకులు. పన్నెండోది తప్పించుకుంది."

"ఎక్కడికి?"

"సోఫా కిందికి. ఇంక గూస్తనే ఉంది."

బ్రూనో నవ్వేవాడు, నవ్వు దగ్గులోకి దిగేది, దగ్గు తగ్గేదాకా ఎర్విన్ కాఫీ కప్పులో చెంచా తిప్పుతూ కూర్చునేవాడు. బ్రూనోకు వారంలో మిగిలిన ఆరు రోజులూ ఈ అరగంట కోసమేనని నర్సు దనూత ఒకసారి మెట్ల దగ్గర అతనితో అంది. ఎర్విన్ తలూపాడు. ఆ మాటను నోటుపుస్తకంలో రాసుకోలేదు కానీ మరచిపోనూ లేదు.

మే నెలలో మేస్త్రి రాయి ఎక్కబోయి జారాడు. మళ్ళీ ఎక్కాడు, కానీ పొట్ట ఈడ్చుకుంటూ. ఎర్విన్ రాసుకున్నాడు: "ఒకసారి జారాడు." మరో వారానికి: "ముందుకాలి వేళ్ళు వణికాయి. రెండు నిమిషాలు." వేడి కొలిచాడు. నలభై. నీడ కొలిచాడు. ఇరవై అయిదు. ట్యూబు వయసు ఏడు నెలలు. దూరం జానెడున్నర. అన్నీ ఉండవలసిన చోటే ఉన్నాయి. ఎండ మంచిదేమోనని పెట్టెను కిటికీ అద్దాలకు ఇంకా దగ్గరగా జరిపాడు. గాజును ఉదయం ఒకసారి కాక సాయంత్రం కూడా తుడవడం మొదలుపెట్టాడు.

జూన్‌లో కీచురాయి మేస్త్రి నోట్లోంచి జారి కిందపడింది. కింది దవడ గట్టిగా మూసుకోవడం లేదు.

"ఎట్లున్నడురా?" అడిగాడు బ్రూనో ఆ ఆదివారం. అతని పెదవులు ఆ వారం మరింత నీలంగా ఉన్నాయి.

"తింటుండు," అన్నాడు ఎర్విన్.

"ఎన్ని?"

"పది."

రెండో ఆదివారం ఎనిమిదన్నాడు. ఎనిమిది తక్కువనుకున్న బ్రూనో, ఎండాకాలం కదా తక్కువే తింటాడులే అని తనకు తానే జవాబు చెప్పుకున్నాడు. ఎర్విన్ ఆ మాటను సరిదిద్దలేదు. ఇంటికొచ్చాక పెట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బల్లి కదల్లేదు, అతనూ కదల్లేదు. భయపడాలని అతనికి తెలుసు. భయం ఉండవలసిన చోట, ఎవరో సామాను ఖాళీ చేసి తాళం వేసి వెళ్ళిన గదిలా ఉంది.

మంగళవారం పశువైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టర్ ఓస్టెన్ నలభై దాటిన మనిషి, మాటల్లో తొందర ఉండదు. మేస్త్రి దవడను బొటనవేలితో నొక్కింది. అది తడిసిన అట్టముక్కలా లోపలికి వంగింది. ఎక్స్-రే తీసి వెలుతురు పలకకు తగిలించింది. ఎముకలు తెల్లగా కనిపించవలసిన చోట పొగలాంటి చారలున్నాయి.

"ఎముకల్లో సున్నం, అంటే కాల్షియం, లేదు," అందామె. "సున్నం తింటున్నాడా?"

"కీచురాళ్ళకు పొడి అద్ది పెడుత, డాక్టరమ్మా. వారానికి మూడుమాట్లు. ఇగో, రాసిపెట్టిన."

ఆమె నోటుపుస్తకం తీసుకుని పుటలు తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ నెమ్మదించింది. అంత శ్రద్ధగా రాసిన పుస్తకం ఆమె బల్ల మీదికి ఎప్పుడూ వచ్చినట్టు లేదు.

"తిన్న సున్నం ఎముకలోకి ఎక్కాలంటే యూవీ కావాలి. దీపం మంచిదే, పాతది కూడా కాదు, దూరం కూడా సరిగానే ఉంది." ఆమె కళ్ళద్దాలు తీసింది. "మధ్యలో జాలీ ఏదైనా ఉందా?"

"లేదు. గాజే."

"ఏం గాజు?"

"నాలుగు మిల్లీమీటర్లది. అంచులు నున్నగ జేయించిన. రోజూ పొద్దున, సాయంత్రం తుడుస్త. ఒక్క మరక ఉండదు."

డాక్టర్ ఓస్టెన్ నోటుపుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. లేచి వెళ్ళి, వెనక గదిలోంచి చేతిలో ఇమిడేంత చిన్న మీటరు తెచ్చింది. తన దగ్గరున్న తాబేలు పెట్టె దీపం కింద దాన్ని పట్టుకుని అతన్ని పిలిచి చూపించింది. నాలుగు అని చూపిస్తోంది. గోడ మీది ఫొటో పటం తీసి, వెనక మేకులు వదులు చేసి, దాని అద్దాన్ని దీపానికీ మీటరుకూ మధ్య పెట్టింది. నాలుగు కాస్తా సున్నా అయింది. అద్దం తీసింది, నాలుగు. పెట్టింది, సున్నా.

"వెలుతురు అట్లనే ఉన్నది గదా," అన్నాడు ఎర్విన్.

"వెలుతురు వస్తుంది. దానికి కావలసింది రాదు. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ కూడా అంతే. మీరు చేసినవన్నీ సరైనవే, స్కిబా గారూ. ఆ ఒక్క గాజూ తప్ప."

ఎర్విన్ తలూపాడు. అప్పుడతనికి ఎండదీపాల గది గుర్తొచ్చింది. ఆవిరి, సబ్బు వాసన, వలయంగా నిలబడ్డ తెల్లని వీపులు, వాటి మీద బొగ్గు మిగిల్చిన నీలి మచ్చలు. చెక్క పళ్ళెంలో అద్దాలు పట్టుకుని తాను రెండేళ్ళపాటు, షిఫ్టు ముగించి వచ్చిన ప్రతివాడికీ, ఒకే వాక్యం చెప్పేవాడు: కళ్ళకు అద్దాలు పెట్టుకోండి, గాజు దాటి అది లోపలికి పోదు. అతనికి ఆ సంగతి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ మాట తన నోటితోనే కొన్ని వేలసార్లు అన్నాడు.

"బతుకుతడా?"

"సగం సగం. సూది మందు ఇస్తాను. రోజుకు రెండుసార్లు సున్నం మందు నోట్లో చుక్కలుగా వెయ్యండి. గాజు ఈరోజే తీసెయ్యండి. మధ్యాహ్నం అరగంట నిజమైన ఎండలో ఉంచితే ఇంకా మంచిది, నీడ కూడా అందుబాటులో ఉండాలి. వంగిన దవడ మళ్ళీ తిన్నగా కాదు. ఉన్నది ఉన్నట్టు గట్టిపడితే చాలు." ఆమె ఫొటో అద్దాన్ని మళ్ళీ పటంలో బిగిస్తూ అడిగింది. "ఇది మీదేనా?"

"గాదు. నా దోస్తుది."

"అయితే అతనికి చెప్పాలి. ఏమైనా జరిగేముందే తెలిసి ఉండాలి కదా."

ఇంటికొచ్చి ఎర్విన్ నాలుగు మరలు విప్పాడు. దీపం వెలిగించాక, పైన ఏ తొడుగూ లేని ఆ తెల్లని కాంతి గదిలో పడ్డప్పుడు, అతని చెయ్యి తనంతట తానే రెండుసార్లు మీట మీదికి వెళ్ళింది. రెండుసార్లూ వెనక్కి తీసుకున్నాడు. మందు చుక్కలు వేశాడు. మేస్త్రి కళ్ళు మూసుకునే మింగాడు.

ఆ ఆదివారం కూడా ఎర్విన్ అబద్ధమే చెప్పాడు. బ్రూనో పక్క మీదే పడుకుని ఉన్నాడు, గొంతులో గాలి ఈల వేస్తోంది. "మా మేస్త్రి నాకంటె ఎక్కువ రోజులుంటడురా, అది చాలు," అన్నాడతను. అక్కడ కూర్చుని నిజం చెప్పడం ఎలాగో ఎర్విన్‌కు తోచలేదు. తొమ్మిది తిన్నాడని చెప్పి, కేకు పళ్ళేలు కడిగి వచ్చేశాడు.

ఆ వారం అతను ఆలోచించింది తక్కువ. అతని తలలో తిరిగింది ఒక నియమం. దీపం పోగొట్టినా, పగలగొట్టినా తలదీపాల గదిలో మందలింపుతో సరిపోయేది. తిరిగి రాని దీపాన్ని రాయకుండా దాచిన తప్పొక్కటే అక్కడ ఉద్యోగం తీసేది. దాచిన ప్రతి నిమిషం లోపల ఉన్న మనిషికి నష్టం. ఆ నియమం ఎందుకు సరైనదో అతనెప్పుడూ తర్కించలేదు. పాటించాడంతే. శనివారం అట్టపెట్టెకు కన్నాలు పొడిచాడు.

ఆదివారం ఈసారి మూడు గంటలకు కాక పన్నెండుకే బయల్దేరాడు. ఎండ నడినెత్తిన ఉండాలి. బస్సులో పెట్టెను ఒళ్ళో పెట్టుకున్నాడు, లోపల మేస్త్రిని పాత తువ్వాలులో చుట్టాడు. ఆశ్రమం గుమ్మంలో దనూత ఎదురైంది.

"ఏంటి స్కిబా గారూ, ఇవాళ ఇంత తొందరగా! కేకు కూడా ఇంత పెద్దదా?"

"కేకు గాదు, సిస్టర్. మేస్త్రి."

ఆమె కన్నంలోంచి చూసి ఒకడుగు వెనక్కి వేసింది. "అమ్మో! మేస్త్రీలకు ఇక్కడ భోజనం లేదు. లోపలికి తేవద్దు. తోటలోకి పొండి, ఆయన్ని నేనే తీసుకొస్తాను. పెట్టెలో ఏముందో నేను చూడలేదు, మీరు నాకు చూపించలేదు."

తోటలో గులాబీ మడి పక్కన వెడల్పాటి రాతిపలక ఉంది, దాని మీద సగం మేర చెట్టునీడ. ఎర్విన్ తువ్వాలు విప్పి మేస్త్రిని ఎండ పడే సగంలో ఉంచాడు. బల్లి కాళ్ళు పక్కలకు పరుచుకుని, ఎవరో పడేసిన చేతితొడుగులా చతికిలబడింది. చక్రాల కుర్చీ వచ్చింది. ఆక్సిజన్ సీసా వెనక వేలాడుతోంది. దనూత కుర్చీ నిలిపి వెళ్ళిపోయింది. బ్రూనో ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది, వంగి చూశాడు, తర్వాత ఆ విచ్చుకున్నది మెల్లగా మూసుకుంది.

"మూతి ఏమైందిరా వీనికి?"

"ఎముకలు మెత్తబడినయ్. నా వల్లనే." ఎర్విన్ నిలబడే ఉన్నాడు, కిటికీ వెనక నిలబడినట్టు, చేతులు పక్కలకు ఆనించుకుని. "యూవీ దీపం కింద గాజు బిగించిన. అక్టోబరు నుంచి. ఒక్కనాడు గూడ వీనికి యూవీ తగల్లే. పోయిన మంగళవారం ముందు మంగళవారం డాక్టరమ్మ జెప్పింది. సగం సగం అన్నది."

బ్రూనో మేస్త్రి వంకర మూతి నుంచి చూపు తిప్పలేదు. గొట్టంలో గాలి సన్నగా బుసకొడుతోంది.

"గాజు," అన్నాడు చివరికి.

"గాజు."

"దీపానికి."

"బట్టల్లేనట్టు అనిపించింది."

"ఎండదీపాల గదిల నువ్వే గదరా నా కండ్లకు అద్దాలు పెట్టింది! 'గాజు దాటి పోదు' అని రోజూ సదివినవ్. నాకు గుర్తుంది. నీకు లేదా?"

"ఉన్నది. డాక్టరమ్మ జెప్పినంక గుర్తొచ్చింది."

"రెండు ఆదివారాలు తింటుండు తింటుండు అని నాకు అబద్ధం జెప్పినవ్."

"మూడు," అన్నాడు ఎర్విన్.

బ్రూనో అతని వంక చూశాడు. కోపం వచ్చింది, అది ముఖం మీద ఎర్రగా పాకింది కూడా, కానీ కోపానికి సరిపడేంత గాలి అతని దగ్గర లేదు. గొట్టంలోంచి రెండుసార్లు గాలి పీల్చుకున్నాడు. "నేను సచ్చేదాక జెప్పొద్దనుకున్నవా?"

"అనుకున్న."

"మరెందుకు జెప్పినవ్?"

ఎర్విన్ ఆలోచించాడు. "దీపం తిరిగి రాకపోతే రాయాలె," అన్నాడు.

బ్రూనో తల వెనక్కి వాల్చి ఆకాశం వంక చూశాడు. కొంతసేపటికి అతని భుజాలు కదిలాయి. అది నవ్వో దగ్గో ఎర్విన్‌కు అర్థం కాలేదు, రెండూ అయి ఉండవచ్చు. అది తగ్గేదాకా నిలబడే ఉన్నాడు.

"ఆ గాజు ఏం జేసినవ్?" అడిగాడు బ్రూనో కళ్ళు తుడుచుకుంటూ.

"టమాట మొలకల తొట్టి మీద మూతేసిన."

"ఎట్లున్నయ్ మొలకలు?"

"మంచిగున్నయ్."

"ఉంటయ్. రోజూ తుడుస్తున్నవా?"

ఎర్విన్ తలూపాడు. తుడుస్తున్నాడు.

"కూసోరా. పరీక్షకొచ్చినట్టు నిలబడకు. నిన్ను జూస్తె నాకు ఆయాసమొస్తంది."

ఎర్విన్ బెంచీ చివర కూర్చున్నాడు, వంగని కాలు ముందుకు చాపి. బ్రూనో వేలు చాచి మేస్త్రి వీపు మీద పెట్టి తీయలేదు. కాసేపటికి ఆ వేలి చుట్టూ బల్లి వీపు నల్లబడసాగింది. ఎండను లోపలికి తీసుకోవాలనుకున్నప్పుడు అవి అలాగే రంగు మారుస్తాయి. ఆశ్రమం వంటింటి లోంచి భోజనపు గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"నల్లబడ్డడు," అన్నాడు బ్రూనో.

"అవు."

"ఇంట్ల నల్లబడుతుండెనా?"

"లేదు. రెండు నెలల నుంచి లేదు."

మేస్త్రి ముందుకాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు. ఒక కాలు జారింది. మళ్ళీ లాక్కున్నాడు. వేళ్ళు వణికాయి, ఛాతీ రాతిని వదిలి పైకి లేచింది, ఒక వేలి మందమంత. అలా ఎంతసేపు నిలిచాడో ఎర్విన్ చేతిగడియారం చూసి లెక్కపెట్టాడు. పదకొండు సెకన్లు. తర్వాత మళ్ళీ వాలిపోయాడు. వంకర మూతి కొంచెం తెరిచే ఉంది.

"జూసినవా?" అన్నాడు బ్రూనో. "జూసినవారా?"

"పదకొండు," అన్నాడు ఎర్విన్.

"వచ్చే ఆదివారం గూడ తీసుకరా. పన్నెండుకే. అబద్ధం లెక్కలు నాకొద్దు, నేనే జూస్త."

"తెస్త."

అతను జేబులోంచి నోటుపుస్తకం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. తేదీ రాశాడు. "నిజమైన ఎండ. లేచాడు. పదకొండు సెకన్లు." కింద ఇంకేదో రాయాలన్నట్టు పెన్సిలు కాసేపు ఆగింది. ఎండ అతని చేతి వెనక, నీలి మచ్చల మీద పడుతోంది. వేడిగా ఉందని అతనికి తెలుస్తోంది. అంతకుమించి ఏదైనా ఉందేమో అని కొంచెంసేపు చూశాడు. ఆ తర్వాత పెట్టె మూతను, మేస్త్రికి నీడ కావలసివస్తే అందేలా, రాతి మీద ఏటవాలుగా నిలబెట్టాడు.